పంక్తిప్రమాణవిచారము

పెద్దతెరగల కంప్యూటరుముందుఁ గూర్చుండి యంతర్జాలమునందలి వ్యాసము నొకదానిఁ జదువఁబూనువారికిఁ దఱచుగా నొక విషయము వింతగాఁ దోఁచును. తెర అడుగున్నరకుఁ బైగా వెడల్పుగలదైనను వ్రాఁత మాత్రము నడుమ నొక పట్టెలో నిమిడియుండును. ఇరుప్రక్కల చోటంతయుఁ దెల్లగా విడువఁబడి యుండును. ఇంత చోటును వ్యర్థముచేయుట యేల? పెద్దతెరను గొన్నవానికి దానినంతయు వాడుకొను స్వాతంత్ర్య మీయకుండుట న్యాయమా? అను నాక్షేపము పలుమాఱు వినఁబడుచున్నది. 2023 జనవరిలో ఇంగ్లీషు వికీపీడియా తన పుటల రూపమును మార్చి పంక్తుల వెడల్పునకు హద్దు పెట్టినప్పుడు నీ యాక్షేపమే బలముగా వెలువడెను. హద్దును దొలఁగించుకొని తెరనిండఁ జదువుకొనఁగోరువారి కొఱకు నం దొక మీటయు నేర్పఱుపఁబడినది.

ఈ విషయమున విచారింపవలసిన ప్రశ్నములు రెండు. పంక్తి వెడల్పునకు హద్దు వలయునా యనునది మొదటిది. వలసినచో నా హద్దు ఎంత, దానిని దేనితోఁ గొలువవలయు ననునది రెండవది. మొదటి ప్రశ్నమునకు సమాధానము కంటి స్వభావమునుబట్టి యేర్పడును గావున నది యన్ని భాషలకును నించుమించుగా సమానము. రెండవదానికి సమాధానము లిపినిబట్టి మాఱును గావునఁ దెలుఁగువారు దానిని నొరులనుండి యెరువు తెచ్చుకొన వీలులేదు.

చదువునపుడు కన్ను పంక్తివెంబడి నీటిధారవలె నెడతెగక పాఱునని తోఁచును. పరీక్షించినవారి కది వేఱువిధముగాఁ గనఁబడినది. 1870ల కడపటి వత్సరములలోఁ బారిస్ నగరమున జావాల్ అను నేత్రవైద్యుని పరిశోధనశాలయం దీ విషయము గుఱుతింపఁబడెను. కన్ను గంతులు వేయుచుఁ బోవును. ఒక్కొక్క గంతు పిమ్మట నించుమించుగా సెకనులో నాలుగవవంతు కాలము నిలుచును. ఆ నిలుకడయందే యక్షరములు గ్రహింపఁబడును, గంతునందుఁ గాదు. వైయాకరణులు సూత్రములయం దనువృత్తిని గూర్చి చెప్పెడి మండూకప్లుతి న్యాయము కంటినడకకును జెల్లునన్నమాట. చూపునకు మిక్కిలి స్పష్టమైన మేర రెండు డిగ్రీల కోణముకంటె నెక్కువ లేదు. ఇంగ్లీషు చదువువారు కన్ను నిలిచినచోటినుండి కుడివైపున 14, 15 అక్షరములమేర వఱకును, ఎడమవైపున 3, 4 అక్షరముల వఱకును ఉపయోగపడు సమాచారమును గ్రహింతురని 1975 మొదలుకొని మకాంకీ, రేనర్ మొదలగువారు చేసిన పరీక్షలవలనఁ దేలినది.

పంక్తి నడుమ వేయు గంతులు చిన్నవి. పంక్తి ముగిసిన పిదప వేయవలసిన గంతు పెద్దది. కన్ను కుడికొననుండి మరలి, క్రిందిపంక్తి మొదటికిఁ జేరవలయును. ఈ గంతు తఱచుగా గుఱికిఁ గొంచె మీవలనే పడును. అప్పుడు మఱియొక చిన్నగంతుతోఁ గన్ను తన్నుఁదాను దిద్దుకొనును. పంక్తి యెంత దీర్ఘమో యీ గంతు నంత పెద్దది. దానితోపాటు మఱియొక చిక్కు గలదు. పంక్తి దీర్ఘమైనకొలఁదిఁ గన్ను నడువవలసిన త్రోవ యేటవాలు తగ్గి, పైపంక్తిని గ్రిందిపంక్తిని వేఱుపఱచుట కష్టమగును. తెరమీఁది చుక్కలను పిక్సెలు లందురు. పంక్తికిని బంక్తికిని నడుమ దూరము 24 పిక్సెలులును, పంక్తి పొడవు 640 పిక్సెలులును అయినచో నేటవాలు ఇంచుమించుగా 27 పాళ్లకు 1 అగును. ఆ దూరమునే యుంచి పంక్తిని 1920 పిక్సెలులకుఁ బెంచినచో నది 80 పాళ్లకు 1 అగును. వెనుకటి యేటవాలును నిలుపుకొనవలయునన్నఁ బంక్తుల నడిమి యెడమును 72 పిక్సెలులు చేయవలసివచ్చును. అప్పుడు పుట విరళమై, పంక్తుల సంబంధమే తెగిపోవును.

ఏటవాలు తగ్గినచోఁ గలుగు ఫలము రెండువిధములు. కన్ను చదివిన పంక్తికే మరల వచ్చుట యొకటి. ఒక పంక్తిని దాఁటి యావలిదానిపైఁ బడుట రెండవది. తాళపత్రప్రతులను బరిష్కరించినవారి కీ రెండు దోషములును గ్రొత్తవి కావు. ఒకే పదము సమీపమున రెండుచోట్ల నున్నప్పుడు లేఖకుని కన్ను మొదటిదానినుండి రెండవదానిపైకి దుమికి, నడిమి భాగము ప్రతిలో లోపించుట పరిష్కర్తలు తఱచుగాఁ జూచునదే. దానినే గ్రంథపాతమందురు. లేఖకుఁడు చేసిన గ్రంథపాతము ప్రతిలో నిలిచియుండును గావున మఱియొక ప్రతితోఁ బోల్చి దానిని బట్టుకొనవచ్చును. చదువరి కన్ను చేసిన గ్రంథపాత మెక్కడను గుఱుతు నిలుపదు. వాక్య మతుకకున్నచోఁ జదువరి మరల వెదకికొనును. అతికినట్లు తోఁచెనా, యర్థము తప్పినదని వాని కెన్నఁడును దెలియదు.

వాక్యార్థజ్ఞానమునకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి యను మూఁడును గారణములని శాస్త్రము. పదములను విలంబము లేక యుచ్చరించుటయే సన్నిధి యని తర్కసంగ్రహమున నన్నంభట్టు నిర్వచించెను. ఆవును దెమ్మను వాక్యమందలి పదములను జామున కొక్కటిగాఁ బలికినచో నవి ప్రమాణము కావనుట యాతఁ డిచ్చిన యుదాహరణము. ఈ సన్నిధి చెవినిగూర్చి చెప్పఁబడినదే యైనను గంటికిని వర్తించును. పంక్తి ముగిసిన ప్రతిచోటను సన్నిధికి గండము గలదు. పంక్తులు మిక్కిలి కుఱుచలైనచో గండము మాటిమాటికి వచ్చును. మిక్కిలి దీర్ఘములైనచో నది యరుదుగానే వచ్చునుగాని, వచ్చినప్పుడు విలంబ మధికము, త్రోవతప్పుటయు సులభము. కావున మేలైన ప్రమాణ మీ రెంటి నడుమ నుండవలయును.

ఇచట నొక పూర్వపక్షము. మన పూర్వులు తాటియాకుమీఁద వ్రాయలేదా? ఆకు 16 అంగుళముల పొడవును, ఒకటిన్నర యంగుళపు వెడల్పును గలదై, యందు 6 పంక్తులున్నవనుకొన్నచో నేటవాలు 64 పాళ్లకు 1 అగుచున్నది. ఇది పెద్దతెర నిండ వ్రాసిన పంక్తికిఁ జాల దూరము కాదు. అట్టి పంక్తులతో వేదశాస్త్రకావ్యములన్నియుఁ జదువఁబడినవిగదా, నేఁటివారికి హద్దేల?

ఈ పూర్వపక్షము పైకి బలవత్తరముగాఁ దోఁచినను, విచారించినచో సిద్ధాంతమునే బలపఱచును. తాటియాకుమీఁదఁ బంక్తి దీర్ఘమేకాని పంక్తుల సంఖ్య స్వల్పము. ఆఱు పంక్తులలోఁ బ్రతిపంక్తియు పైయంచునకో క్రిందియంచునకో చేరువగా నుండును. పైనుండి మూఁడవది, క్రిందినుండి రెండవది యని చూచినంతనే గుఱుతుపట్టవచ్చును. 1080 పిక్సెలుల యెత్తుగల తెరపై 24 పిక్సెలుల యెడముతో 45 పంక్తులు పట్టును. వానిలో నిరువది మూఁడవదానిని నిరువది నాలుగవదానినుండి వేఱుపఱచుట కేయంచును దోడ్పడదు. మఱియు నా గ్రంథములు పెక్కులు పద్యమయములు, బిగ్గఱగాఁ జదువఁబడినవి. కన్ను తప్పినచో ఛందస్సు తప్పి చెవి యెచ్చరించును. మౌనముగా వచనమును జదువువాని కా రక్షణ లేదు. ఆకునందలి త్రాటిరంధ్రముచుట్టు విడిచిన చోటును బంక్తి నడుమఁ గంటి కొక మజిలీగా నుపకరించెను. పశ్చిమభారతమునందలి దీర్ఘములైన జైనతాళపత్రప్రతులలో వ్రాఁత రెండు మూఁడు భాగములుగా విభజింపఁబడియుండుటయుఁ గలదు. కావునఁ బంక్తి దీర్ఘత యొక్కటియే దోషము కాదు. దీర్ఘపంక్తులను బెక్కింటి నొకదానిక్రింద నొకటి పేర్చుట దోషము. తాటియాకు మొదటిదానిని జేసెను, రెండవదానిఁ జేయలేదు.

వ్రాయుటకు విశాలమైన తలము దొరకినచోట్లనెల్లఁ బూర్వులు దానిని నిలువుపట్టెలుగా విభజించుకొనిరి. గ్రీకులు, రోమనులు వాడిన పపైరసు చుట్టలు పలుమూరల పొడవు గలవియైనను, వానిమీఁది వ్రాఁత యొకదానిప్రక్క నొకటిగాఁ జిన్న పట్టెలలో సాగెను. నాలుగవ శతాబ్దినాఁటి సైనాయ్ బైబిలు ప్రతిలోఁ బుటకు నాలుగేసి పట్టెలు గలవు. 1455 ప్రాంతమున గూటెన్‌బర్గు అచ్చువేసిన బైబిలు పుట రెండుపట్టెలు గలది. వార్తాపత్రికలవారు కాలమ్ అని పిలుచునది యీ పట్టెయే.

అంతర్జాలపుటలు మాత్ర మీ సంప్రదాయమును మొదట నేల విడిచినవనఁగా, నాఁ డా యవసరము లేకపోయెను. 1990ల తొలినాళ్లలో సామాన్యమైన తెర 640 పిక్సెలుల వెడల్పు గలది. కంప్యూటరులలో వాడుకగానున్న 16 పిక్సెలుల పరిమాణపు రోమక లిపిలో నొక్కొక్క యక్షరమునకు సగటున 8 పిక్సెలులు పట్టుననుకొన్నచోఁ బంక్తికి 80 అక్షరములు వచ్చును. తెరయే హద్దుగా నుండెను. పిమ్మటఁ దెరలు పెరిగినవి. 1920 పిక్సెలుల తెరపై నా లెక్కనే 240 అక్షరములు వచ్చును. పుటల రూపమును నిర్ణయించు సీ.ఎస్.ఎస్. అను భాషయొక్క రెండవ రూపమున, 1998లో, పట్టె యింతకు మించి పెరుగరాదని శాసించు సాధన మేర్పఱుపఁబడెను. వార్తాపత్రికవలెఁ దెరనుగూడఁ బెక్కుపట్టెలుగా నేల విభజింపరాదన్నచో, తెరమీఁది పుట క్రిందికి జరుగుచుఁ బోవును. మొదటిపట్టె యడుగునకుఁ జేరినవాఁడు రెండవదాని మొదటికై మరల పైకిఁ బోవలసివచ్చును. అందువలన నొక్కపట్టెయు నిరుప్రక్కలఁ దెలుపును నిలిచినవి.

ఇఁక రెండవ పూర్వపక్షము. దీర్ఘపంక్తులే వేగముగాఁ జదువఁబడునని కొన్ని పరీక్షలు చూపుచున్నవిగదా యని. ఇది సత్యమే. ఇంగ్లండులో మేరీ డైసన్ సహచరులతోఁ జేసి 1998లో వెలువరించిన పరీక్షలో 100 అక్షరముల పంక్తులు తెరమీఁద వేగముగాఁ జదువఁబడినవి. అయినను 2001లో వెలువడిన పరీక్షలో 25, 55, 100 అక్షరముల పంక్తులను బోల్చిచూడఁగా, విషయగ్రహణమునకు 55 అక్షరముల పంక్తియే యనుకూలముగాఁ గనఁబడెను. వేగము వేఱు, గ్రహణము వేఱు. వార్తను వెదకువానికి వేగము చాలును. శాస్త్రము చదువువానికి గ్రహణము ముఖ్యము. అంతకుముందే యమెరికాయందుఁ బాటర్సన్, టింకర్ అనువారు ముద్రితపంక్తులను బరీక్షించి 1940లోఁ బ్రకటించిన గ్రంథమున మిక్కిలి కుఱుచయు మిక్కిలి దీర్ఘమును నగు పంక్తులు పఠనమును మందగింపఁజేయుననియు, మధ్యమ పరిమాణములలో భేదము స్వల్పమనియుఁ దెలిపిరి. కావున హద్దు రేఖవంటిది కాదు, పొలిమేరవంటిది. దానికిఁ గొంత వెడల్పు గలదు. 100 అక్షరములు దానికిఁ జేరువ. 240 అక్షరములు చాల దూరము.

రోమక లిపికిఁ జెప్పఁబడిన ప్రమాణము లివి. రాబర్ట్ బ్రింగ్‌హర్స్టు ముద్రణకళనుగూర్చి 1992లోఁ బ్రచురించిన గ్రంథమునఁ బంక్తికి 45 మొదలు 75 అక్షరములు తగుననియు, నెడములతోఁ జేర్చి 66 అక్షరములు ఆదర్శమనియుఁ జెప్పెను. అంతర్జాలపుటలు సర్వులకును జదువనగుటకై 2008లో వెలువడిన నియమావళి, తన యున్నతశ్రేణిలోఁ బంక్తి 80 అక్షరములకు మించరాదనియు, చీనా, జపాను, కొరియా లిపులలో 40కి మించరాదనియుఁ జెప్పుచున్నది. ఆ లిపులలో నొక్కొక్క యక్షరము చతురస్రమై వెడల్పు గలది గనుక వాని సంఖ్య సగమైనది. తెలుఁగునకు వేఱు సంఖ్య యందు లేదు. అందుచేతఁ దెలుఁగు పుట లేర్పఱుచువారు 80 అనియో 66 అనియో ఇంగ్లీషు లెక్కనే గైకొనుచున్నారు.

ఇందలి చిక్కు అక్షరమనఁగా నేమి యను ప్రశ్నమునుండి పుట్టుచున్నది. తెలుఁగువారికి ‘స్త్రీ’ యనునది యొక యక్షరము. యంత్రమున కది సకారము, పొల్లు, తకారము, పొల్లు, రేఫము, ఈత్వము అని యాఱు సంకేతములు. ‘చదువవలసియున్నది’ యను మాట చదువరికిఁ దొమ్మిది యక్షరములు, యంత్రమునకుఁ బదునైదు. యంత్రపు లెక్కతో 80 అన్నచో నొక పంక్తిలోఁ గంటికిఁ గనఁబడు నక్షరములు మాటలనుబట్టి మాఱుచుండును. పట్టె వెడల్పును గొలుచుటకు సీ.ఎస్.ఎస్. భాషలో ‘సీహెచ్’ అను కొలత యొకటి గలదు. అది సున్న యంకె వెడల్పునకు సమానము. తెలుఁగక్షరము సాధారణముగా సున్నకంటె వెడల్పు గలది. అందువలన నా కొలతతో 66 అని నిర్ణయించిన పట్టెలో 66 తెలుఁగక్షరములు పట్టవు. సంకేతములును సున్నలును లెక్కించుట యంత్రమునకు సుకరమే. చదువునది మాత్ర మక్షరము. కొలత దానికే చెందవలయును.

తెలుఁగునకు మఱి రెండు విశేషములు గలవు. మొదటిది: అక్షరములకుఁ బైన గుడులును, క్రింద వత్తులును నుండుటచేతఁ బంక్తుల నడిమి యెడము రోమక లిపికంటె నెక్కువ కావలయును. పైఁజెప్పిన నియమావళి యక్షరపరిమాణమునకు ఒకటిన్నర రెట్లు కోరుచున్నది. తెలుఁగునకు దానికిఁ దక్కువ పనికిరాదు, తక్కువైనచోఁ బైపంక్తి వత్తులు క్రిందిపంక్తి గుడులతో నొరయును. రెండవది: పదములు దీర్ఘములు. ఇంగ్లీషున నాలుగు మాటలలోఁ జెప్పునది తెలుఁగున ‘చదువవలసియున్నది’ యని యొక్కమాటలో నిమిడిపోవును. సంధిసమాసములు గల వచనమున నింతకంటె దీర్ఘపదములు సాధారణములు. పట్టె మిక్కిలి సన్నమైనచో నట్టి పదములు పంక్తి చివరఁ బట్టక క్రిందికి జాఱి, పంక్తి సగము శూన్యమగును. రెండంచులు సమముగా నుండునట్లు చేసినచో మాటల నడుమ బావులవంటి యెడములు పడును. కావునఁ దెలుఁగునకు హద్దు మీఁదను గావలయును, క్రిందను గావలయును.

క్రిందిహద్దును నిర్ణయించుటకుఁ దెలుఁగు ఛందస్సే యాధార మీఁగలదు. పద్యము తన పంక్తిని దానే కొలుచుకొని వచ్చును. శార్దూలపాదమునకు 19, ఉత్పలమాల మత్తేభములకు 20, చంపకమాలకు 21 అక్షరములు. సీసపాదము దీర్ఘము గనుక దానిని రెండుభాగములుగా నచ్చువేయు వాడుక ముద్రాపకులలోఁ గలదు. ఏ పట్టెలోనైనను జంపకమాలాపాద మొక్కపంక్తిలోఁ బట్టవలయును. పట్టకున్నచోఁ బాదము విఱిగి యతిప్రాసములు కంటికిఁ గనఁబడక పద్యము వచనమువలెఁ దోఁచును. కనుక 21 అక్షరములు క్రిందిహద్దు. ఒక పాదము నేకదృష్టిగా ననుసరించుటకుఁ దెలుఁగుకన్ను తరతరములుగా నలవడియున్నది. వచనమున కంతకు రెట్టింపు, అనఁగా 42 అక్షరముల చేరువ, మీఁదిహద్దుగా నుంచుట సమంజసము. వెడల్పైన లిపులకు నియమావళి చెప్పిన 40 సంఖ్యతోను ఇది పొందుచున్నది.

ఇది యుత్సర్గము. దీని కపవాదములు గలవు. పట్టికలు, పటములు, చిత్రములు పంక్తివెంట మౌనముగాఁ జదువఁబడునవి కావు గావున వానికి హద్దు వర్తింపదు. మూలమును బాఠాంతరములను బ్రక్కప్రక్కల నుంచి పోల్చి చూడవలసిన పరిష్కృతపాఠములకు విశాలమైన తెర వరము. అట్టిచోటఁ దెరను సన్నగించుట యాక్షేపింపఁదగినదే. మఱియు హద్దు పిక్సెలులలోఁ గాక యక్షరపరిమాణముతోఁ బెరిగెడి కొలతలో నుండవలయును. దృష్టిమాంద్యముగల వృద్ధుఁ డక్షరములను రెట్టింపు చేసికొన్నప్పుడు పట్టెయు నంతగాఁ బెరుగకున్నచోఁ బంక్తికి సగ మక్షరములే మిగులును. హద్దును దొలఁగించుకొను మీట నుంచుటయు మంచిదే. శాస్త్రము సామాన్యమును జెప్పును. తన కంటి సంగతి చదువరికే తెలియును.

తెల్లగా విడిచిన చోటు వ్యర్థమను మొదటి యాక్షేపమున కిప్పుడు సమాధాన మేర్పడినది. 21 అంగుళముల వెడల్పుగల తెరను 24 అంగుళముల దూరమునఁ గూర్చుండి చూచువానికి దాని రెండంచుల నడుమఁ గోణము 47 డిగ్రీలగును. 16 అంగుళముల దూరమునఁ బట్టుకొన్న పుస్తకమున 4 అంగుళముల పంక్తి యించుమించుగా 14 డిగ్రీలే యగును. మొదటిదానిఁ జదువుటకుఁ గన్నులతోపాటు తలయుఁ ద్రిప్పవలసియుండును. విడిచిన తెలుపు ఆ శ్రమను దప్పించుచున్నది. పొలమునకు గట్టువలె నది పంక్తిని నిలుపుచున్నది.

చిన్నయసూరి నీతిచంద్రిక 1853లో వెలువడిన నాఁటినుండి తెలుఁగు వచన మెంత ప్రౌఢముగానైనను వ్రాయఁబడవచ్చునని లోక మెఱుఁగును. అట్టి గ్రంథము లిప్పుడు తెరమీఁదికి వచ్చుచున్నవి. పంక్తి యంచులేని పుటలో వాని సమాసములను జదువఁబోయిన బాలుఁడు రెండుమాఱులు త్రోవతప్పి, యలసి, భాష కఠినమని పుటను మూసివేయును. దోషము సూరిది కాదు, భాషది కాదు, బాలునిది కాదు. పంక్తిని గొలువక పఱచినవారిది. తెలుఁగుగ్రంథములను దెర కెక్కించు విజ్ఞులు పాఠశుద్ధితోపాటు పంక్తిప్రమాణమును గూడఁ దమ కర్తవ్యములలోఁ జేర్చుకొని, పైఁజెప్పిన హద్దులను జదువరులయెదుటఁ బరీక్షించి స్థిరపఱుతురుగాక.